వాణిజ్య ప్రసారాల్లో నీ పేరు

శ్రీపర్రు,
30-3-2003, ఆదివారం సాయంత్రం.

ప్రియమైన రూబీకి, ప్రభువు నామమున శుభములు.

భర్త భార్యకు రాసే లేఖకు ఒక క్రమం ఉంది. తొలుత క్షేమ సమాచారం, పిమ్మట గత లేఖలోని ప్రశ్నలకు జవాబులు, ఆపైన వార్తలు, చిట్టచివర, ఉన్న పక్షంలో, నేరాంగీకారం. మత్స్య సహకార సంఘంలో పంతొమ్మిదేళ్ళుగా గుమస్తాగా ఉన్నవాడిని కనుక ఈ క్రమం తప్పడం నాకు సాధ్యం కాదు. భయం అనే అంశానికి ఇందులో ఎక్కడా చోటు కేటాయించలేదు. అది తనకు తోచిన చోట జొరబడితే దాన్ని ఈ లేఖలో భాగంగా పరిగణించవద్దని మనవి.

ఇక్కడ నేను, మీ అమ్మగారు, మన మెర్సీ, ముగ్గురం క్షేమంగా ఉన్నట్టే నమోదై ఉన్నాం. నీ సంగతి తెలియాల్సి ఉంది. యుద్ధం మొదలైన నాటి నుంచీ తెలియాల్సే ఉంది.

మార్చి ఒకటో తేదీన నువ్వు రాసిన ఉత్తరం పంతొమ్మిదిన అందింది. అందులో నాలుగు ప్రశ్నలున్నాయి. మీ అమ్మగారి మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది గానీ, ఆవిడ దాన్ని పట్టించుకోవడం మానేశారు. మెర్సీ పదో తరగతి పరీక్షలు సగం రాసింది, రేపు ఇంకొకటి ఉంది. వంటింటి మీద రేకు మార్పించాను. నాలుగో ప్రశ్నకు జవాబు చివర రాస్తాను. అది క్రమం కోసం కాదు, ధైర్యం చాలక.

ఇక వార్తలు. నిన్న ఉదయం, కువైట్ నగరంలో సముద్రపు ఒడ్డునున్న బజారు దగ్గర క్షిపణి పడిందని రేడియోలో చెప్పారు. శుక్రవారం శుక్రవారం మీ యజమానుల డ్రైవరుతో కలిసి సముద్రపు ఒడ్డు బజారుకు చేపలకు వెళతానని నువ్వు రాసిన పాత ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. అలాంటి బజార్లు ఆ నగరంలో ఎన్ని ఉన్నాయో నువ్వు రాయలేదు. వెంటనే ఏలూరు వెళ్ళి టెలిఫోను బూతులో మూడు గంటలు కూర్చున్నాను. ఈ మార్గంలోని లైన్లన్నీ రద్దీగా ఉన్నాయని ఒక ఆడమనిషి ఎంతో మర్యాదగా చెబుతూనే ఉంది. అక్కడి నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళి, నిన్ను పంపిన ఏజెంటు ఆఫీసు చూశాను. తాళం వేసి ఉంది. గుమ్మం మీద బోర్డు మాత్రం ఉంది: 'మీ క్షేమమే మా ధ్యేయం'. దాన్ని రెండుసార్లు చదివి బస్సెక్కాను.

నిన్నటి నుంచి మీ అమ్మగారు మెతుకు ముట్టలేదు. టీవీ ఉన్న ఇళ్ళకు ఆవిడను వెళ్ళనివ్వలేదు. టీవీలో మంటలు చూపిస్తారు, రేడియోకి ఆ వసతి లేదు. అందుచేత ఈ ఆదివారం పొద్దున ఆరింటికి రేడియో పెట్టి, వాణిజ్య ప్రసారాల ముందు ముగ్గురం కూర్చున్నాం. ఆ ప్రసారాలు యుద్ధాన్ని నిర్వహించే తీరు మెచ్చుకోదగ్గది. గంటకోసారి వార్తా ముఖ్యాంశాలకు రెండు నిమిషాలు కేటాయించారు. ఆ రెండు నిమిషాల్లో ఎవరు చచ్చినా, మూడో నిమిషంలో పళ్ళపొడి వస్తుంది. మధ్యాహ్నం లోపల పళ్ళపొడి పద్నాలుగుసార్లు వచ్చింది, కువైట్ రెండుసార్లు వచ్చింది. రెండోసారి సైరన్లు మోగాయన్నారు. ఎక్కడ మోగాయో చెప్పేలోగా ఒక పిల్ల నవ్వుతూ రొయ్యల మేత గురించి పాడింది. ఆ పాట మెర్సీకి నోటికొచ్చేసింది. పాడుతూనే ఏడ్చింది.

మధ్యాహ్నం శ్రోతలు కోరిన పాటల కార్యక్రమం మొదలైంది. మీ అమ్మగారు చేట ముందు కూర్చుని, అవసరం లేకపోయినా బియ్యం ఏరుతున్నారు. అప్పుడు అనౌన్సరమ్మ, పళ్ళపొడికి వాడిన గొంతుతోనే, ఇలా చదివింది: "తరువాతి పాట కోరినవారు శ్రీపర్రు నుంచి ఎలీయాజరు, మణెమ్మ, మెర్సీ. కువైట్‌లో క్షేమంగా ఉన్న రూబీ గారి కోసం."

చేట బోర్లపడింది.

"విన్నారాండీ అల్లుడుగారూ! క్షేమంగా ఉందంటండీ మా రూబీ!"

"విన్నానండీ అత్తయ్యగారూ."

"ఢిల్లీలో కనుక్కునుంటారండీ. ఊరికినే చెబుతారేంటండీ, అంత పెద్ద రేడియోలో?"

పాట సగంలో ఉండగానే చేపల చెరువు గట్టు మీద నుంచి కాపలా దుర్గారాజు పరుగెత్తుకొచ్చాడు. "గుమస్తాగారూ! మా గట్టు మీద రేడియోలో కూడా అదే చెప్పారండీ!"

రెండు వేర్వేరు రేడియోలు ఒకే మాట చెప్పడంతో సమాచారం ధ్రువీకరించబడింది. మీ అమ్మగారు రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నారు. ఈ రాత్రి ప్రార్థనలో దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెబుతామని పాస్టరుగారికి కబురంపారు. దుర్గారాజు ఈ వార్తను చెరువు చెరువుకీ చేరవేశాడు. వీధిలోవాళ్ళు వరుసగా వచ్చి నా చెయ్యి పట్టుకుని వెళ్ళారు. ఆ చెయ్యి చల్లగా ఎందుకుందని ఎవరూ అడగలేదు.

అందరూ వెళ్ళాక మెర్సీ పెరట్లోకి వచ్చి నా పక్కన నిలబడింది.

"నాన్నా, ఆ పాట కోరుతూ వెళ్ళిన కార్డు ఫిబ్రవరిలో మీరు రాసిందే కదా?"

"అవునమ్మా."

"పోస్టు డబ్బాలో వేసింది నేనే."

"అవును."

"అమ్మమ్మకి చెప్పకండేం." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "అయినా నాన్నా, చదివేముందు వాళ్ళేమన్నా కనుక్కుని ఉంటారంటారా?"

కనుక్కోరని నాకు తెలుసు. అయినా, ఏమో, ఉంటారేమోనమ్మా అన్నాను. చెబితే ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, ఆ మాట అంటున్నంతసేపూ నేనూ నమ్మాను. నా చేత్తో నేను రాసిన మాటను రేడియోలో విని, ప్రభుత్వం నాకు హామీ ఇచ్చినట్టు కుదుటపడ్డాను. మరుసటి గంట ముఖ్యాంశాల్లో కువైట్ ఊసే లేదు. అప్పుడు మళ్ళీ నీ పాత ఉత్తరం బయటికి తీశాను.

ఇక నేరాంగీకారం. ఫిబ్రవరి రెండో ఆదివారం, ఇదే బల్ల మీద, ఒకే కలంతో రెండు రాశాను. ఒకటి రేడియోకి కార్డు. రెండోది నీకు జవాబు. మీ యజమానులు సౌదీ వెళ్ళిపోతున్నారనీ, ఇంటికి పోతానంటే టికెట్టు ఇస్తామన్నారనీ, ఉంటానంటే వాళ్ళింటి ముసలమ్మగారికి తోడుగా ఉంచుతారనీ, నన్ను రమ్మంటారా వద్దంటారా అని నువ్వు అడిగావు. యుద్ధం రాదు, ఉండు అని రాశాను. నువ్వు అడిగిన సంగతి గానీ, నేనిచ్చిన జవాబు గానీ మీ అమ్మగారికి, మెర్సీకి ఈ రోజు వరకూ చెప్పలేదు. నీ అంతట నువ్వే ఉండిపోయావని వాళ్ళ నమ్మకం.

ఎందుకలా రాశానో కూడా చెబుతాను. యుద్ధం జరగదని సంఘం అరుగు మీద అప్పటికి నెల రోజులుగా నేనే ఉపన్యసిస్తున్నాను. పేపరు తెచ్చి, వేలు పెట్టి చూపించి మరీ ఒప్పించాను. నువ్వు వచ్చి బస్సు దిగితే, "ఏం గుమస్తాగారూ, రాదు రాదన్నారు, మరి ఆవిడగారిని రప్పించారేంటండీ?" అని ఎవరో ఒకరు అంటారు. రూబీ, ఆ ఒక్క మాటకు జడిసి నిన్ను అక్కడ ఉంచాను. ఇంకే కారణమూ లేదు. వెతికాను.

నీ నాలుగో ప్రశ్న: 'మీరు రాదన్నారు కదా అని ఉండిపోయాను. నిజంగా రాదు కదండీ?'

వచ్చింది, రూబీ.

రాత్రి ప్రార్థనకు ముందే మీ అమ్మగారికి అంతా చెప్పేస్తాను. ఆవిడ తిన్న అన్నం అరిగేదాకా ఆగుతున్నాను. రేపు పొద్దున మెర్సీని పరీక్షకు దించి, ఏలూరు పెద్ద పోస్టాఫీసులో ఈ ఉత్తరం ఇస్తాను. కువైట్ టపా సంచీ ఎప్పుడు కదులుతుందో చెప్పలేమన్నారు. అయినా ఇస్తాను. 'ఉండు' అన్న నా ఫిబ్రవరి ఉత్తర్వు ఇందుమూలంగా రద్దయింది. దారి దొరికిన క్షణాన బయలుదేరు. ముసలమ్మగారిని వదిలి రాలేనంటే ఆవిడనూ వెంటబెట్టుకుని రా, మన ఇంట్లో మంచం ఉంది. అరుగు మీద వాళ్ళు ఏమన్నా అననీ, నిలబడి వింటాను.

చివరిగా ఒక నిబంధన. ఈ ఇంటి మనిషి ఎవరైనా క్షేమంగా ఉన్నట్టు పరిగణించాలంటే, ఆ మనిషి స్వయంగా ఈ వంటింట్లో నిలబడి, కనీసం అరగంట సేపు, ఊపిరి తిప్పుకోకుండా నన్ను తిట్టి ఉండాలి. రేడియో ప్రకటన, ఉత్తరం, ఫోను, చర్చిలో సాక్ష్యం, ఇవేవీ చెల్లవు. ఈ నిబంధన నేటి నుంచి అమల్లో ఉంటుంది. ఇదే అంతిమం, దీనిపై అప్పీలు లేదు.

ఇట్లు,
నీ రాక కోసం గుమ్మంలోనే ఉన్న
నీ భర్త,
ఎలీయాజరు