క్లోరిన్ గదిలో ఇద్దరు

ప్రియమైన నాన్నకి,

సోమవారం నేను మొదటిసారి క్లాసు ముందు నిలబడి పాఠం చెప్పాలి. చూడు నా అదృష్టం, నాకు పడింది నీ క్లోరినే. ఇరవై ఏళ్ళుగా ఊరి మంచినీళ్ళలో కలుపుతున్నావు కదా, తప్పులుంటే దిద్దు. దాని పరమాణువు బయటి కక్ష్యలో ఏడు ఎలక్ట్రాన్లు. ఎనిమిదోది ఎక్కడ దొరికితే అక్కడ లాక్కుంటుంది, తడి కళ్ళనీ ఊపిరితిత్తుల్నీ కూడా వదలదు. భారం ముప్పై అయిదున్నర అంటారు గానీ, అంత బరువుండే పరమాణువు ఒక్కటీ లేదట. ముప్పై అయిదు ఉన్నవీ ముప్పై ఏడు ఉన్నవీ కలిపి తీసిన సగటు. ముఖ్యంగా ఇది విను: ఆ వాయువు గాలికన్నా రెండున్నర రెట్లు బరువు. నేలనే పరుచుకుంటుంది. లీకైతే పైకి ఎక్కాలి. నీతో పనిచేసే మీసాల బాబాయికీ చెప్పు.

నీ
చిన్నమ్మి

చిన్నమ్మికి ముద్దులతో,

పాఠం భేషుగ్గా ఉంది. నిన్న ఫైరింజను వాళ్ళొచ్చి, పొగ కమ్మితే నేలమీద పాకాలని నేర్పారు. మీ బాబాయి ఆ పొట్టేసుకుని పాకుతుంటే నవ్వలేక చచ్చాం. గ్యాస్ సంగతి నేర్పాల్సింది సీనియర్‌గా నేను. తీరిక లేక, నేర్పినట్టు రిజిస్టర్లో ఇద్దరం సంతకాలు పెట్టేశాం. రేపో మాపో చెబుతాలే.

మీ నాన్న

ప్రియమైన నాన్నకి,

ఆ ప్రమాదం జరిగి నెలయింది. ఫోన్ చేస్తే అమ్మకే ఇచ్చేస్తున్నావు. బాబాయి లేడంటే నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు. శిక్షణ పొందీ నిర్లక్ష్యంగా ఉన్నాడని రిపోర్టులో రాశారట. పోయిన మనిషిని చేతకానివాణ్ణి చేశారని పిన్ని కుమిలిపోతోందని అమ్మ చెప్పింది. నువ్వు బాబాయికి చెప్పావు కదా నాన్నా?

నీ
చిన్నమ్మి

తల్లీ,

చెప్పలేదు.

సిలిండరు వాల్వు దగ్గర తెగి, గ్యాస్ ఆకుపచ్చా పసుపూ కలిసిన రంగులో గదంతా కమ్మింది. వాడికది పొగే. ముక్కుకి తువ్వాలు కట్టుకుని పాకడం మొదలెట్టాడు. నేను ఊపిరి బిగబట్టి ఇనుప మెట్ల దాకా వెళ్ళాను. పైకి రమ్మని ఒక్క మాట అనాలి. అంటే ఊపిరి వదలాలి, వదిలితే మళ్ళీ ఆ గాలే పీల్చాలి. భయమేసింది. నోరు మూసుకుని ఎక్కేశాను. పైన గాలి దొరికాక అరిచాను గానీ, అప్పటికి వాడు కదలడం లేదు.

నిన్న ఆఫీసుకెళ్ళి, ఆ సంతకాలు ఉత్తుత్తివని రాసిచ్చాను. రిపోర్టు మారుస్తారట. నా ఉద్యోగం ఉండదు, పోనీ. అక్కణ్ణించి పిన్ని దగ్గరికెళ్ళి అంతా చెప్పాను. అంతా విని, "చివర్లో ఏమైనా అన్నాడా బావగారూ?" అని అడిగింది.

అన్నాడు. నేను నిలబడి ఉండటం చూసి, తువ్వాలు తీసేసి, "అన్నా, వంగు, కిందికి వంగు" అని రెండుసార్లు అరిచాడు. రెండోసారి అరవడానికి వాడు ఆ గాలి పీల్చాడమ్మా.

మీ నాన్న