ఫొటో ఎవరిచ్చారు

ఆళ్లగడ్డ,
గురువారం.

రాజశేఖర్ మామకు,

ఫోన్లో పెడితే దాన్నీ వార్త చేస్తావని కాగితం మీద రాస్తున్నాను. అమ్మకు చూపించలేదు.

గండికోట యాత్రలో మా బడి పిల్లలం దిగిన ఫొటో నీకు పంపాను, నీ యూట్యూబ్ ఛానల్లో మా బడి పేరు వస్తుందని. నువ్వు నలభై మందిలో ముప్పై ఎనిమిది మందిని కత్తిరించి, "లోయ అంచున ప్రేమజంట, చివరికి ఏమైందంటే" అని పెట్టావు. మిగిలిన ఇద్దరూ నా స్నేహితురాలు షాహనా, దాని తమ్ముడు అయాజ్. కిందికి చూస్తే కళ్లు తిరుగుతాయని అది తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

తీసేయమంటే, "పేర్లు పెట్టలేదు కదమ్మా, శానామంది చూస్తాండారు, రెండు దినాలు ఉండనీ" అన్నావు. వారమైంది. షాహనా బడి మానేసింది. వాళ్లింటికి పోతే వాళ్లమ్మ మదార్ బీ తలుపు సగమే తీసి, "తోడబుట్టినోళ్లనే ఇట్ల రాస్తిరే, ఇంగ బిడ్డను బడికెట్ల పంపేది పాపా" అంది.

మా సారు వార్తల ప్రాజెక్టు ఇచ్చారు. పేపర్లోదో ఫోన్లోదో ఒక వార్త అతికించి, పక్కన మూడు గడులు నింపాలి. ఎవరు రాశారు, ఎవరిని అడిగి రాశారు, ఫొటో ఎవరిచ్చారు. నేను నీ వార్తే అతికించాను. మొదటి గడిలో నీ పేరుంది. రెండోది ఖాళీ. మూడో దాంట్లో నా పేరు రాశాను.

సోమవారం అందరి ముందు చదవాలి. ఆలోపు మదార్ బీ ఇంటికి పోయి తప్పయిందని చెప్పు, నీ ఛానల్లోనూ చెప్పు. చెప్పకపోయినా నేను చదువుతాను. మూడో గడి నుంచే మొదలుపెడతాను.

నీ మేనకోడలు