ఆవులు లేని కొట్టం

మంగళవారం, రాత్రి

ఆవులన్నిటినీ ఈరోజు లారీలెక్కించి కార్డిఫ్ నగరం అవతలి సంతకు పంపేశాం. ఇక్కడి ప్రభుత్వం రైతులకిచ్చే పాత సబ్సిడీ ఏటేటా తగ్గిపోతోంది. కొత్త పథకంలో ఏమిస్తారో ఎవరూ తేల్చి చెప్పరు. పాల ధర కూడా పడిపోయాక అమ్మడం తప్ప దారి లేకపోయింది.

సాయంత్రం మా ఆయన గారెత్ ఎంతకీ ఇంట్లోకి రాలేదు. వెళ్లి చూస్తే, ఖాళీ కొట్టంలో పాలు పితికే మెషిన్ ఆన్ చేసి దాని పక్కనే నిలబడి ఉన్నాడు.

"మా తాత కట్టిన కొట్టం, లక్ష్మీ. నా చేతుల్లో ఖాళీ అయింది" అన్నాడు.

మెషిన్ ఆపేసి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. గుంటూరులో పత్తి పోయిన ఏడాది మా బాబాయి కూడా ఇలాగే మాట్లాడాడు. అప్పుడు మేమెవరమూ ఆయన్ను కనిపెట్టుకుని ఉండలేదు. అందుకే గారెత్ స్నానానికి వెళ్లగానే, నక్కల్ని కాల్చేందుకు ఉంచిన తుపాకీ బీరువా తాళంచెవి తీసి దాచేశాను.

భోజనం దగ్గర తల ఎత్తకుండానే అడిగాడు.

"తాళంచెవి నువ్వే తీశావు కదా?"

అవునన్నాను. రేపు మా డాక్టరు, జీపీ దగ్గరికి వెళ్దామన్నాను. పళ్లెం పక్కకు జరిపాడు.

"వెళ్దాం. అది ఎక్కడ పెట్టావో మాత్రం నాకు చెప్పకు" అన్నాడు.