కుర్చీకి పడ్డ ఓట్లు

2009 మార్చి 8

దిగంబర్ మళ్లీ వచ్చిపోయాడు. పార్టీ నాయకుడు భాఊ తరఫున మా వార్డు చూసే మనిషి. నలభై దాటినా ఇంకా అందరినీ కాకా అనే పిలుస్తాడు. గడపలోనే నిలబడి, ఈసారి మన పార్లమెంటు సీటు మొత్తం మారిపోయింది కాకా, మీ గల్లీ మాత్రం మారొద్దు అన్నాడు.

మారిన మాట నిజమే. కొత్త హద్దులు గీశారు. సిరొంచ వైపంతా తెగి గడ్చిరోలి సీటుకు పోయింది. ఎక్కడో ఉన్న ఆర్ణి వచ్చి మనకు తగులుకుంది. ఇన్నేళ్లూ లెక్కింపు రోజున సిరొంచ పెట్టెలు తెరిచేదాకా చంద్రపూర్‌లో ఎవరూ దండలు కొనేవాళ్లు కాదు. అక్కడ మన భాషవాళ్ల ఓట్లు, ఇక్కడ బాబుపేట్‌లో మా ఓట్లు — రెండూ కలిస్తేనే పెద్దవాళ్లు మా గడప తొక్కేవాళ్లు. ఇప్పుడు ఆ బలం సగం పోయింది. అయినా దిగంబర్ వచ్చాడు. అవసరం తగ్గాక కూడా వచ్చే మనిషిని నమ్మబుద్ధి కాదు.

మా గల్లీ ఓట్లన్నీ మీవే అని చెప్పి పంపాను. ప్రతిసారీ చెప్పే మాటే.

మార్చి 9

సుశీల పొద్దుటి నుంచి ముభావంగా ఉంది. నిన్న దిగంబర్‌తో నేనన్న మాట విన్నట్టుంది. విన్నా అందులో తప్పేముంది?

మార్చి 21

సుశీల నాన్న, మా మామ గుర్తొచ్చాడు ఇవాళ, ఎందుకో. రాజురా దగ్గరి పల్లె ఆయనది. మొదటి ఓటు ఆదిలాబాద్ కింద వేశాడు, హైదరాబాద్ రాజ్యంలో ఉండగా. తర్వాతి ఓట్లన్నీ మహారాష్ట్రలో. "నేనైతే పొలం గట్టు దాటలే, రాజ్యమే నన్ను దాటిపోయింది" అనేవాడు. ఆయన పిల్లలంతా మరాఠీ బడిలో చదివారు. సుశీలకు తెలుగు మాట్లాడటం తప్ప చదవడం రాదు. మరాఠీ మాత్రం గడగడా చదువుతుంది. నేను కరీంనగర్ వైపు నుంచి బొగ్గు బాయి పనికి వచ్చినవాణ్ని. నా మరాఠీకి ఇప్పటికీ బజారులో నవ్వుతారు.

ఈ డైరీ చదవడం ఇంట్లో ఎవరికీ రాదు. అదొక ధైర్యం. అయినా బీరువాలో పెట్టిన చోట కాకుండా కాస్త పక్కకు జరిగి ఉన్నట్టనిపిస్తుంది, అప్పుడప్పుడు.

ఏప్రిల్ 5

దిగంబర్ అట్టతో చేసిన ఓటు మెషిన్ తెచ్చాడు. ఓదమ్మవ్వ అరుగు మీద గల్లీ ఆడవాళ్లందరూ చేరారు. మొదటి పేరు మనది కాదు, దాని ఖాలీ, అంటే దాని కింద ఉన్నది మనది అని మరాఠీలో చెప్పాడు. ఖాలీచా బటన్, ఖాలీచా బటన్ — ఎన్నిసార్లు అన్నాడో. నేను పక్కన నిలబడి తలూపుతూ ఉన్నాను. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. అట్ట మెషిన్ చూసి అనుకుంటా.

శంకర్ రాలేదు. సుశీల తమ్ముడు, రెండిళ్ల అవతలే ఉంటాడు. ఆవర్‌పూర్ సిమెంటు ఫ్యాక్టరీ పనులకు జీపు నడుపుతాడు. ఆదివారం ఏం పని ఉంటుంది?

ఏప్రిల్ 11

పాన్ ఠేలా దగ్గర విన్నాను. శంకర్ జీపు వణి రోడ్డు మీద కనబడిందట. లోపల ఆర్ణి వైపు నుంచి నిలబడ్డ ఒక స్వతంత్రుడి మనుషులు. జీపుకు కుర్చీ గుర్తు కాగితాలు అంటించి ఉన్నాయట. ఆ స్వతంత్రుణ్ని ఇక్కడ ఎవరూ చూసింది లేదు.

సాయంత్రం శంకర్‌ను కదిపాను. "కిరాయికి పోయిన బావా" అన్నాడు, టైరు కేసి చూస్తూ. కిరాయికే పోతే నా మొహం చూసి చెప్పొచ్చు కదా.

ఏప్రిల్ 16

పోలింగ్. బడి గోడ నీడ తరిగేకొద్దీ లైను గోడకు అతుక్కుంది. ఆడవాళ్ల లైనే పొడుగు. సుశీల ముందే వేసి బయటికి వచ్చి, సిరా వేలు చూపించి నవ్వింది. మంచిగ ఏసినవా అంటే "ఏసిన" అంది. అంతే.

ఏప్రిల్ 27

ఎండ. కూలర్ పాడైంది. అందరి నోటా ఒకటే ప్రశ్న — కొత్త సీటు ఎటు తూగుతుంది? పాత లెక్క నాకు కంఠతా వచ్చు. వరోరా వైపు గాలి ఒకలా ఉంటే రాజురా వైపు రైతులు ఇంకోలా ఉంటారు. బాయి కాలనీలు యూనియన్ మాట వింటాయి. అడవి వైపు ఓటు చివరికి వచ్చి అందరి లెక్కా తారుమారు చేస్తుంది. ఇప్పుడు అడవి వైపు లేదు. ఆర్ణి వాళ్ల మనసు ఎవరికీ తెలియదు. పాన్ ఠేలా వాడు కూడా నోరు మెదపడం లేదు. వాడు మాట్లాడకపోవడం నేనెప్పుడూ చూడలేదు.

మే 16

లెక్కింపు అయిపోయింది. ఎవరు గెలిచారో బయట పటాకులు చెబుతున్నాయి. నా బాధ అది కాదు.

వెనకటికి కాగితం ఓటు ఉన్నప్పుడు పెట్టెలన్నీ ఒక డ్రమ్ములో పోసి కలిపేవాళ్లు. ఏ గల్లీ ఎవరికి వేసిందో దేవుడికే తెలియాలి. ఇప్పుడు ఏ బూత్ మెషిన్ ఆ బూత్ సంగతి బయటపెడుతుంది. దిగంబర్ ఫోన్ చేశాడు. మా బూత్‌లో కుర్చీకి గుట్టగా పడ్డాయట. చుట్టుపక్కల ఇంకే బూత్‌లోనూ ఆ కుర్చీని పట్టించుకున్నవాడే లేడు. గల్లీని ఎవరికి అమ్మావు కాకా అని అడిగాడు. ఫోన్ పెట్టేశాక కూడా చెవి కాలుతూనే ఉంది.

మే 17

ఎవరి పనో నాకు తెలుసు.

మే 19

భాఊ ఆఫీసుకు పిలిచారు. లోపల అందరూ కూర్చుని ఉన్నారు. నన్ను మాత్రం కూర్చోమనలేదు. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి. మీరు పెద్దమనిషి కదా, మీకు తెలియకుండా ఎలా జరుగుతుంది అని గుచ్చి గుచ్చి అడిగారు. మా బామ్మర్ది శంకర్ పని కావచ్చు అన్నాను.

కావచ్చు అనే అన్నాను. వాళ్లు కావచ్చును వదిలేసి పేరు పట్టుకున్నారు.

మే 24

పాన్ ఠేలా దగ్గరికి శంకర్ వస్తే మాటలు ఆగిపోతున్నాయి. భాఊ వాళ్ల కిరాయిలు బందు. గల్లీలో ఒక పెళ్లికి కూడా వేరేవాడి జీపు పెట్టారు.

మధ్యాహ్నం శంకర్ వచ్చాడు. లోపలికి రాలేదు. "బావా, నా పేరు నువ్వే చెప్పినవంట" అన్నాడు. నేను కూలర్‌లో నీళ్లు పోస్తూ వినబడనట్టు ఉన్నాను. శంకర్ వెళ్లిపోయాడు. సుశీలకు అంతా వినబడింది. రాత్రి కంచం నా ముందు పెట్టి అవతలి గదిలోకి వెళ్లిపోయింది.

మే 31

సుశీల నాతో మాట్లాడదు. గల్లీ ఆడవాళ్లు నన్ను చూసి మాట మారుస్తున్నారు. ఏదో ఉంది...

జూన్ 14

శంకర్ పెళ్లాం పిల్లలతో ఆవర్‌పూర్ వెళ్లిపోయాడు. అక్కడ గది తీసుకున్నాడట. సామాను ఎక్కిస్తుంటే సుశీల వెళ్లి నిలబడింది. నేను కిటికీలోంచి చూశాను. ఏ తప్పూ చేయనివాడు ఊరు వదిలి పోతాడా అన్నాను, ఆమె తిరిగి వచ్చాక.

జులై 2

వాన. ఓదమ్మవ్వ అరుగు మీద ఆగాను. శంకర్ కనబడతలేడేంది బిడ్డా అని అడిగింది. చేసిన పనికి మొహం చెల్లక పోయాడు, కుర్చీకి ఓట్లు వేయించింది వాడే కదా అన్నాను. అవ్వ నన్ను వింతగా చూసింది.

"శంకర్‌కేం ఎరుక? ఏసింది మేము గద. ఖాళీ నొక్కుమన్నరు, ఖాళీ నొక్కినం."

ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక వానలో నిలబడి నవ్వాను. మరాఠీ ఖాలీ, మన ఖాళీ! దిగంబర్ కింది బటన్ అంటే వీళ్లు ఖాళీ బటన్ అనుకున్నారు. మెషిన్ మీద ఖాళీగా కనబడే బొమ్మ ఒక్కటే, ఎవరూ కూర్చోని కుర్చీ. పాపం, వెతుక్కుని మరీ నొక్కారు. ఎవరూ అమ్ముడుపోలేదు. శంకర్ ఏమీ చేయలేదు. ఇన్నాళ్లకు కడుపు నిండా తిన్నాను.

జులై 3

ఎందుకైనా మంచిదని ఇంకో నాలుగు గడపలు తిరిగాను. మొదటి ఇంట్లో — "ఖాళీ నొక్కుమన్నరు, ఖాళీ నొక్కినం." పక్కింట్లోనూ అదే. ఆ పై ఇంట్లోనూ అదే. ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు, బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు.

ముసలివాళ్లంటే సరే. చిన్న కోడళ్ల సంగతేమిటి? మరాఠీలో చదివి, కూరగాయలు కూడా మరాఠీలోనే బేరమాడే పిల్లలు. వాళ్లకు ఖాలీ అంటే తెలియదా? అడుగుతుంటే మళ్లీ కొంగులు నోటికి అడ్డం.

జులై 4

సుశీలను అడగాలి. ఆమెకు మరాఠీ రాదని ఎవరూ అనలేరు.

అడగలేదు.

జులై 11

అడిగాను. చేటలో పప్పు ఏరుతోంది. నువ్వు కూడా ఖాళీనే నొక్కావా అన్నాను. తలెత్తకుండానే చెప్పింది.

"ఎరుకుండే నొక్కిన. అందరికి చెప్పింది గూడ నేనే. ఎవలన్న అడిగితె మాకు మరాఠీ సమజ్ కాలేదని చెప్పుమన్న."

ఎందుకు చేశావంటే చేట కింద పెట్టింది.

"గడపల నిలవడి మా గల్లీ ఓట్లన్ని మీవే అంటవ్. ఒక్కనాడన్న మమ్మల్ని అడిగినవా? ఇన్నేండ్ల సంది మా ఓటు నీ నోట్లెనే ఉన్నది."

ఆ కుర్చీ ఏమన్నా గెలిచేదా అన్నాను. గెలిపించడానికి కాదట. నా లెక్క ఒక్కసారి తప్పితే ఎలా ఉంటుందో చూద్దామనట. మరి నీ తమ్ముడి పేరు పోతుంటే నోరెందుకు విప్పలేదని గట్టిగానే అడిగాను.

"నువ్వు వాని పేరు చెప్తవని నేనెన్నడు అనుకోలే" అంది. "చెప్పినంక, నీ మాట నువ్వే ఎన్కకు తీసుకుంటవని చూసిన." ఏడ్చింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నా ముందు ఏడవడం తక్కువ. నాకు చాలా సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే బయటికి వెళ్లి రైల్వే గేటు దాకా నడిచి వచ్చాను.

జులై 12

నిద్ర లేచీ లేవగానే ఇంకో ఆలోచన. ఆమె చెప్పింది నిజమేనా? తమ్ముణ్ని తిరిగి గల్లీకి తెచ్చుకోవడానికి ఇప్పుడు అల్లిందా? ఓదమ్మవ్వకు ఆ మాట నేర్పింది ఏప్రిల్‌లోనా, మొన్ననా? పోలింగుకు ముందు అరుగు మీద నవ్వారు కదా... ఆ నవ్వు ఒక్కటే సాక్ష్యం. నవ్వుకు ఏ అర్థమైనా చెప్పుకోవచ్చు.

నామీద నాకే విసుగు పుడుతోంది.

జులై 19

భాఊ ఆఫీసుకు నేనే వెళ్లాను. భాష తప్పు జరిగింది, ఖాలీని ఖాళీ అనుకున్నారు అని చెప్పాను. సుశీల మాట ఎత్తలేదు. పడీపడీ నవ్వారు. దిగంబర్ కళ్లు తుడుచుకుంటూ, అయితే శంకర్‌ది ఏం లేదన్నమాట అన్నాడు. లేదు, పొరపాటున అన్నాను అని అందరి ముందూ చెప్పాను. టీ తెప్పించారు.

మా ఆడవాళ్లు అంత తెలివితక్కువవాళ్లని వాళ్లు అంత తేలిగ్గా ఎలా నమ్మారు? ఒళ్లు మండింది. నమ్మారో, నమ్మినట్టు నవ్వారో అది కూడా తెలియలేదు.

ఆగస్టు 5

రాఖీ. శంకర్ రాలేదు. సుశీల మధ్యాహ్నం దాకా చూసి, మిఠాయి డబ్బా పట్టుకుని ఒక్కతే ఆవర్‌పూర్ బస్సెక్కింది. నన్ను రమ్మనలేదు. వస్తానని నేనూ అనలేదు.

ఆగస్టు 23

దిగంబర్ వచ్చాడు. అసెంబ్లీ ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. అక్కడా హద్దులు మారాయి. చంద్రపూర్ ఇప్పుడు రిజర్వు, బల్లార్‌పూర్ కొత్త సీటు. ఈసారి మరాఠీలో కాకుండా నువ్వే తెలుగులో చెప్పు కాకా అని నవ్వి, గల్లీ మనదే కదా అన్నాడు.

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

వాళ్లను అడగాలి అన్నాను. ఎవరిని అన్నాడు. ఆడవాళ్లను, ఒక్కొక్కరినీ అన్నాను. జోక్ చేస్తున్నాననుకుని నవ్వాడు. తర్వాత మొహం మారింది. సరే, అడిగి చెప్పండి అని బండి తీశాడు. ఇక ఆ ఆఫీసులో నాకు మర్యాద ఉండదు. సుశీల బయటికి వచ్చి బట్టలు ఆరేసుకుంది.

ఆగస్టు 30

ఆవర్‌పూర్ వెళ్లాను. సుశీలకు చెప్పే వెళ్లాను.

ఒకటే గది. శంకర్ చాప వేశాడు, టీ పెట్టించాడు. భాఊ ఆఫీసులో అందరి ముందూ చెప్పి వచ్చాను, ఇక నీ మీద ఏ మాటా లేదు అన్నాను. మంచిది బావా అన్నాడు. నీ అక్క మొహం చూడలేకపోతున్నాను, సామాను తీసుకుని తిరిగి రా అన్నాను. వాడు గ్లాసు కింద పెట్టాడు.

"నేను ఎవలికి ఏసిన్నో ఊరందరికి చెప్పినవ్. నన్నొక్కణ్ని అడగలే. ఇప్పుడడుగు బావా. నువ్వడిగితె ఒస్త."

నోరు తెరిచాను. భాఊ మనిషికే వేశానంటే — నన్ను సంతోషపెట్టడానికి అనుకుంటాను. కుర్చీకి అంటే — అక్క మీది నింద తన మీద వేసుకుంటున్నాడనుకుంటాను. ఇంకెవరి పేరు చెప్పినా, ఎందుకు చెప్పాడా అని బస్సులో దారంతా ఆలోచిస్తాను. ఏం చెప్పినా నేను నమ్మను. అది నాకు తెలుసు. వాడు నన్ను చూస్తున్న తీరు చూస్తే, వాడికీ తెలుసు.

అడగలేదు. బస్సుకు టైమైందని లేచాను.

"కూసో బావా," అన్నాడు శంకర్. "బస్సుకింక మస్తు టైమున్నది."