సెలూన్ మీదుగా సైకిల్ దారి

సోమవారం
ఈ రోజు నుంచి కారు ముట్టను. నగర ప్రణాళిక విభాగంలో పచ్చదనం గురించి ఉపన్యాసాలిచ్చేది నేను, రోజూ ఏసీ కారులో ఆఫీసుకు వెళ్లేదీ నేనే. సిగ్గేసింది. తాళాలు మా ఆవిడకిచ్చేశాను. ఎన్నాళ్లకని అడిగింది. జీవితాంతం అన్నాను.

నేను గీసిన సైకిల్ దారి మీద నేను వెళ్లడం ఇదే మొదలు. ఆకుపచ్చ రంగు, రెండు పక్కలా మొక్కలు. ఆహా! మార్కెట్ వెనక మలుపు తిరగ్గానే ఎదురుగా సెలూన్. రంగు దాని గడప దాకా వెళ్లి ఆగింది. వెనక తలుపు అవతల మళ్లీ మొదలైంది. ప్లాన్‌లో అది ఖాళీ స్థలం.

సెలూనాయన మర్యాదగా దారి ఇచ్చాడు. కాకపోతే లోపలికొచ్చినవాళ్లు ఊరికే వెళ్లిపోతే షాపుకు చెడ్డపేరట. కూర్చోబెట్టి గడ్డం గీశాడు. హాయిగా ఉంది.

మంగళవారం
గడ్డం లేదు కాబట్టి జుట్టు కత్తిరించాడు. నా ముందు పాలాయన, పోస్ట్‌మ్యాన్ సైకిళ్లతో వరసలో ఉన్నారు. ఇద్దరూ పెళ్లికొడుకుల్లా మెరిసిపోతున్నారు. పాలు మాత్రం మధ్యాహ్నానికి చేరుతున్నాయట. పర్వాలేదు. పరిచయాలు పెంచే దారి ఇది.

బుధవారం
మీసం పోయింది. ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరు కావాలని అడిగాడు. సాయంత్రం ఇంటికొస్తే మా ఆవిడ తలుపు ఓరగా తీసి, "మావారు ఇంకా రాలేదండీ" అంది.

గురువారం
రేపు కమిషనర్ గారు సైకిల్ తొక్కి దారి ప్రారంభిస్తారట. ఆలోపే సెలూన్ పడగొట్టాలని చీఫ్ ఇంజనీర్ పొద్దున్నే ఇంటికి నోటీసు పంపాడు. సంతకం నేనే పెట్టాలి. దాన్ని జేబులో పెట్టుకునే సెలూన్ కుర్చీలో కూర్చున్నాను. ఇక మిగిలింది గుండు గీయడమే. కత్తి నా చెవి వెనకాలకు వచ్చాక సెలూనాయన అడిగాడు.

"షాపు కొట్టేస్తారంట కదా సార్. ఈ గీత గీసిందెవరు?"

"కంప్యూటరు," అన్నాను.

"పాపం, దానికి గడ్డం రాదు కదా. ఇటువైపు ఎప్పుడూ వచ్చుండదు."

ఆ మాట రోజంతా గుచ్చుకుంది. నోటీసు చింపేశాను. నా ఉద్యోగం ఏమవుతుందో!

శుక్రవారం
కమిషనర్ గారు గడప దగ్గర సైకిల్ ఆపి, దీనికి బాధ్యులెవరన్నారు. అందరూ నా కోసం వెతికారు. గుండుతో పక్కనే ఉన్నా ఎవరూ పోల్చుకోలేదు. ఈలోగా సెలూనాయన ఆయన్ని కూర్చోబెట్టి తల మర్దన మొదలుపెట్టాడు. అవతల రిబ్బన్ పట్టుకుని జనం. లోపల గురక.

లేచాక, ఏళ్ల తర్వాత కంటినిండా నిద్రపోయానన్నారు. ప్రతి సైకిల్ దారికీ ఇలాంటి విశ్రాంతి కేంద్రం ఉండాలని ఆదేశించారు. చీఫ్ ఇంజనీర్ అది తన ఆలోచనేనన్నాడు. ఏదైతేనేం, షాపు నిలిచింది.

శనివారం
కమిషనర్ గారు మళ్లీ వచ్చారు. మళ్లీ నిద్ర. లేపే ధైర్యం ఎవరికీ లేదు. సైకిళ్ల వరస మార్కెట్ దాకా పాకింది. నా వంతు వచ్చేసరికి సెలూనాయన తీయడానికేమీ దొరక్క నా కనుబొమ్మల వైపు చూశాడు.

వెనక్కి తిరిగి ఒకటే తొక్కుడు. ఇంటికెళ్లి కారు తాళాలడిగాను.

"జీవితాంతం అయిపోయిందా?" అంది మా ఆవిడ.

ఆదివారం
కారెక్కినందుకు మనసు పీకుతూనే ఉంది. కాబట్టి మళ్లీ మొదలు. రేపటి నుంచి కారూ వద్దు, సైకిలూ వద్దు. నడిచే వెళ్తాను! ఊళ్లో కొత్త ఫుట్‌పాత్‌లన్నీ నేను గీసినవే. మా వీధిలోది ఎవరింట్లో ఏ గదిలోంచి వెళ్తుందో మా ఆవిడకి తెలుసట. చెప్పమంటే చెప్పదు. నవ్వుతూ నా ఆఫీసు సంచిలో సబ్బు, తువ్వాలు పెట్టింది.