రెండేళ్ళకి సరిపోయే స్కేట్స్

ఏప్రిల్ 9, 2006. ఆదివారం

గెలిచాను. ముందు ఆ సంగతి రాసుకోవాలి.

అక్షరకి ఐస్ హాకీ స్కేట్స్ కొన్నాం. ఎనిమిదేళ్ళ పిల్లకి ఈ పిచ్చి ఎలా పట్టిందంటే, క్లాస్‌మేట్ బర్త్‌డే ఐస్ స్కేటింగ్ రింక్‌లో చేశారు. అంతే, అప్పట్నుంచి ఇంట్లో ఇదే గోల. ఈ దేశం రాకముందు హైదరాబాద్‌లో నేను ఐస్ చూసింది చెరుకురసం బండి మీద. సరే, అండర్ టెన్ టీమ్‌లో ఆడతానంది, చేర్చాం.

షాపులో పెద్దావిడ అక్షర పాదం కొలిచింది. స్కూల్ షూ రెండో నంబరైతే స్కేట్ ఒకటో నంబరు చాలంది. నిలబడితే బొటనవేలు ముందు తగిలీ తగలనట్టు ఉండాలట. మోకాళ్ళు వంచితే మడమ వెనక్కి పోయి కదలకుండా కూర్చోవాలట. నాకు ఒళ్ళు మండింది. ఎదిగే పిల్లకి చిన్నవి కొనమనే షాపు ప్రపంచంలో ఇదొక్కటే. ఆరు నెలలకోసారి మనల్ని మళ్ళీ రప్పించుకునే ప్లాన్ అని శ్రవణ్‌తో తెలుగులో అన్నాను. ఆవిడ అర్థమైనట్టే చూసింది. నాలుగో నంబరు ఇమ్మన్నాను. ఈ పాపకి ఇవ్వలేనంది! ఆవిడ ఇంకో కస్టమర్ దగ్గరికి వెళ్ళగానే నేనే డబ్బా అందుకుని కౌంటర్‌కి వెళ్ళాను. శ్రవణ్ కారు తాళాలు తిప్పుకుంటూ నిలబడ్డాడు. మొగుడిగా తన డ్యూటీ అదే.

మా నాన్న కిషన్‌రావు నాకు ఆరో తరగతిలో కొన్న బూట్లు ఎనిమిదో తరగతి దాకా వేసుకున్నాను, ముందు పేపరు కుక్కుకుని. నాకేమైంది? నడవట్లేదా?

ఏప్రిల్ 10

అత్తయ్య ఫోన్. స్కేట్స్‌లో పేపరు కుక్కుతానంటే, గరుకుగ ఉంటది, దూది పెట్టు బిడ్డా అంది. పదకొండేళ్ళ కాపురంలో మేమిద్దరం ఏకీభవించిన మొదటి విషయం ఇది. ఒక్కో స్కేట్‌లో దూది ఉండలు మూడు, కాలికి రెండు జతల సాక్స్. అక్షర కార్పెట్ మీద నాలుగడుగులు వేసింది. ఎలా ఉన్నాయంటే ఓకే అంది. ఇంకో రెండేళ్ళు చూసుకోనక్కర్లేదు అన్నాను.

మే 6. శనివారం, మొదటి ప్రాక్టీస్

పడింది. లేచింది. పడింది. అందరు పిల్లలూ పడుతున్నారు, కానీ లేచి పోతున్నారు. మనదానికి లేవడమే పెద్ద పని. చీలమండలు రెండూ లోపలికి వాలిపోతున్నాయి. భయం, ఇంకేం కాదు. మోటర్‌వే ఎక్కిన దగ్గర్నుంచి మా ఇంటి వైపు తిరిగే టకానిని ఎగ్జిట్ దాకా లెక్చర్ ఇచ్చాను. ఏదైనా మొదలుపెడితే మనసు పెట్టి చెయ్యాలని. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. అదొకటి నాకు నచ్చదు.

మే 20

లేసులు సరిగ్గా కట్టుకోవట్లేదని నా అనుమానం. ఈ రోజు నేనే కట్టాను, మోకాలు ఆనించి బిగలాగి. ఏడ్చింది. అయినా పడింది.

జూన్ 10. శనివారం, మధ్యాహ్నం 2

పెన్ను నొక్కి రాస్తుంటే పేజీ చిరిగింది. కోపానికి.

కోచ్ కిర్‌స్టీ జులై టోర్నమెంట్ టీమ్ లిస్టు చదివింది. అక్షర పేరు లేదు. అక్షర చీలమండలు వీక్‌గా ఉన్నాయట, ఈ సీజన్ బిగినర్స్‌తో చేసి వచ్చే ఏడు చూద్దామట. నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు చూసి ఉండబట్టలేకపోయాను. టీమ్‌లో ఉన్న తెల్ల పిల్లలందర్నీ చూపించి, మా పిల్ల కాళ్ళే ఎందుకు వీక్ అయ్యాయి, రంగు తేడానా అని అడిగాను. అడగడం కాదు, అరిచాను. ఇంగ్లీష్ గ్రామర్ పోయింది, గొంతు పోలేదు. రింక్‌లో సౌండ్ తిరిగి తిరిగి వస్తుంది. పేరెంట్స్ అందరూ కాఫీ కప్పులు పట్టుకుని అలాగే ఆగిపోయారు. కిర్‌స్టీ మొహం ఎర్రబడింది. బాగా అయింది అనుకున్నాను.

మిగతాది రాయబుద్ధి కావట్లేదు.

అదే రోజు, సాయంత్రం 6

రాస్తాను.

రింక్‌లో స్కేట్స్ బ్లేడ్లు పదును పెట్టే కౌంటర్‌లో నారాయణ్ అంకుల్ ఉంటాడు. ఫిజీ ఆయన, ఎప్పుడో అక్కడికి వలసపోయిన మనవాళ్ళ సంతతి. వాళ్ళ నానమ్మ నేర్పిన తెలుగు ముక్కలు ఓ ఇరవై ఉంటాయి, మమ్మల్ని చూసినప్పుడల్లా వాటిని బయటికి తీస్తాడు. నలభై ఏళ్ళ దాకా మంచు ముట్టుకోని మనిషి, ఇప్పుడు ఈ రింక్‌లో స్కేట్స్ గురించి ఆయన్ని అడగనివాళ్ళు లేరు. నేను తప్ప.

అరుపులు విని బయటికొచ్చాడు. అక్షరని బెంచి మీద కూర్చోబెట్టి స్కేట్ విప్పాడు. దూది ఒక ఉండ వచ్చింది. రెండోది. మూడోది. మూడోది ఎర్రగా ఉంది.

స్కేట్ లోపలి అట్ట బయటికి లాగి, దాని మీద అక్షరని నిలబెట్టాడు. మడమ వెనక ఆయన వేళ్ళు రెండు పట్టాయి, ఇంకా ఖాళీ మిగిలింది. లోపల కాలు తేలుతుంటే చీలమండ వాలక ఏం చేస్తుందని ఇంగ్లీష్‌లో కిర్‌స్టీకి చెప్పాడు. నాకు కాదు, కిర్‌స్టీకి. తర్వాత అక్షరని తెలుగులో అడిగాడు, నొప్పి ఉందా అమ్మా అని. ఎన్ని రోజుల నుంచి అని. మొదటి రోజు నుంచి అని ఇంగ్లీష్‌లో చెప్పింది. మరి ఎందుకు చెప్పలేదంటే నా వైపు చూసింది.

రెండేళ్ళకి సరిపోతాయని మమ్మీ చెప్పింది కదా అంది. వెయిట్ చేస్తున్నానంది.

జూన్ 11

శ్రవణ్ షాపులో ఆ రోజే చెబుదామనుకున్నాడట. అనుకున్నాడట! తాళాలు తిప్పుతూ. అత్తయ్య మీద అరుద్దామంటే దూది పెట్టమంది తప్ప నాలుగో నంబరు కొనమనలేదు. షాపు ఆవిడ నాకు వినపడేలాగే చెప్పింది. ఎటు తిప్పినా వేలు నా వైపే వస్తోంది. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. రోజంతా ఊరివాళ్ళ రక్తం చుక్క తేడా రాకుండా కొలుస్తాను. నా పిల్ల పాదం కొలిచినామెని దొంగ అనుకున్నాను.

అక్షర మడమలకి ఆయింట్‌మెంట్ రాశాను. కాలు వెనక్కి లాక్కోలేదు. కిటికీ వైపు తిరిగింది.

జూన్ 17. శనివారం

ఒక్కదాన్నే రింక్‌కి వెళ్ళి కిర్‌స్టీకి సారీ చెప్పాను. ఆమె జీతం తీసుకునే కోచ్ కాదని ఈ రోజే తెలిసింది. వారమంతా నర్సరీలో మొక్కలు అమ్ముతుంది, శనివారాలు ఊరికే వచ్చి నేర్పుతుంది. ఈ వారం నిద్ర పట్టలేదంది. నిజంగానే రంగు చూశానేమోనని తనని తనే ప్రశ్నించుకుందట. నన్ను కొట్టినా ఇంతకంటే నయం. రంగు చూసేవాళ్ళు ఈ దేశంలో లేరని కాదు, ఉన్నారు, నేను చూశాను. కానీ ఈమె కాదు. ఆ మాట నేను దూది ఉండ దాచడానికి వాడుకున్నట్టయింది.

ఒకటో నంబరు స్కేట్స్ రింక్‌లోనే అద్దెకిస్తారట. అక్షరని పంపమంది.

జూన్ 24

రానంది.

కాళ్ళు మానిపోయాయి కదా అన్నాను. కాళ్ళ వల్ల కాదంది. అందరూ చూశారంది. నువ్వు అరిచావు, అందరూ నన్నే చూశారు అంది. ఎనిమిదేళ్ళ పిల్ల గొంతు పెంచకుండా చెప్పింది. నా దగ్గర నేర్చుకోనిది అదొక్కటే.

ఆగస్ట్ 5

నెట్‌బాల్‌లో చేరింది, బాస్కెట్‌బాల్ లాంటిదట. షూస్ తండ్రీకూతుళ్ళు వెళ్ళి కొనుక్కొచ్చారు. నన్ను పిలవలేదు.

మార్చి 18, 2007

గరాజ్ సర్దుతుంటే ఆ నాలుగో నంబరువి మేకుకి వేలాడుతూ కనపడ్డాయి. ఎవరికైనా ఇచ్చేద్దామని కారులో పెట్టాను. సాయంత్రానికి మళ్ళీ గరాజ్‌లో, అదే మేకుకి వేలాడుతున్నాయి. శ్రవణ్ నేను కాదన్నాడు.

జూన్ 14, 2008. శనివారం, పొద్దున 9:40

పొద్దున్నే గరాజ్‌లో చప్పుడు. వెళ్ళి చూస్తే అక్షర స్కేట్ లోపలి అట్ట నేల మీద పెట్టి దాని మీద నిలబడి ఉంది, నారాయణ్ అంకుల్ నిలబెట్టినట్టే. మడమ వెనక తన చిటికెన వేలు పెట్టి చూసుకుంది. కష్టంగా పట్టింది. రింక్‌కి తీసుకెళ్తావా అని అడిగింది. సరే అన్నాను. నువ్వు కారులోనే ఉండాలి అంది.

కారులోనే ఉన్నాను. ఇది పార్కింగ్‌లో, పెట్రోల్ రసీదు వెనక రాస్తున్నాను. ఇక్కడ జూన్ అంటే చలికాలం, హీటర్ పనిచెయ్యట్లేదు. నలభై నిమిషాలైంది. కారు తలుపు మీద చెయ్యి వేశాను, వెనక్కి తీసుకున్నాను.