ఆపినా ఆగని మాత్ర

ఆకివీడు

చిరంజీవి హైమకు, పెదనాన్న సూర్యరాజు దీవించి రాసేది.

అసలీ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనుకున్నాను. ఫోన్ చేస్తే “మీటింగ్‌లో ఉన్నానండి” అంటావు గనక రాస్తున్నాను. షుగర్ దిగితే గానీ కంటి ఆపరేషన్ చేయనని డాక్టరు గారు మీ మందుల కంపెనీ మాత్రే రాశారు. రాత్రి భోజనం కాగానే వేసుకుంటే తెల్లవార్లూ పొట్టలోనే తేలుతుందిట. ఇన్నేళ్లు చేపల చెరువు చేశాను. చల్లిన మేత ఎంతకీ తేలుతూనే ఉంటే చేపకు జబ్బు చేసినట్టు. మా బావమరిది జానకిరామ్ మాత్రం చేపలు రేపటికి దాచుకుంటున్నాయనుకున్నాడు. వాడి చెరువు సంగతి మరోసారి. మేం వెంటనే మేత ఆపేస్తాం. నేనూ మాత్ర ఆపేశాను.

తా.క.: మిగిలిన మాత్రలు పారేయమని మీ పెద్దమ్మకిచ్చాను. నీకేమైనా కావాలంటే ముందే చెప్పు.

విశాఖపట్నం

పెదనాన్నగారికి, హైమ నమస్కారాలు.

చదివి అన్నం మానేశానండి. పొట్ట చెరువు కాదండి. తేలకపోతే ఆ మాత్ర అన్నంతో పాటు పేగుల్లోకి జారిపోతుంది, సగం మందు వృథా. అందుకే తేలుతూ మందు కొంచెం కొంచెంగా దిగేలా చేశాం. పొద్దుటికి దాని పనైపోతుంది. కన్ను పాడు చేసుకోకండి, మళ్లీ మొదలుపెట్టండి.

తా.క.: చేపల మేత సంగతి మా బాస్ రమేష్ బాబు గారికి చెప్పాను. ఆయన నవ్వలేదు, రాసుకున్నారు.

ఆకివీడు

అమ్మా హైమా, ఆశీస్సులు.

నీ లెక్క తప్పింది. మాత్ర మానేసి వారం దాటింది. అయినా కొత్తగా వికారం పట్టుకుంది, పైగా షుగర్ దిగింది. మందు లేకుండా ఎలా దిగుతుంది? ఆ పాత మాత్ర ఇంకా లోపలే తేలుతోంది. కదిలిద్దామని చెంబులకు చెంబులు నీళ్లు తాగాను. తరవాత తట్టింది, నీరు పెరిగితే అదీ పైకే వస్తుంది గదా. చెంబు దించేశాను.

తా.క.: నోట్లోంచి గొట్టం వేసి చూడమని డాక్టరు గారినడిగాను. ఏం చూడాలన్నారు. మీరు రాసిందే అన్నాను.

విశాఖపట్నం

పెదనాన్నగారండీ,

వారం రోజులు పొట్టలో నిలిచే మాత్ర మేమెవరం చేయలేదు. మీ ఉత్తరం చూపిస్తే రమేష్ బాబు గారు కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చోలేదు. మిమ్మల్ని చూడడానికి ఆదివారం తనే వస్తున్నారు.

మీ హైమ

తా.క.: గొట్టం వద్దండి. దాన్ని కదిలించకండి.

ఆకివీడు

చిరంజీవి హైమకు,

మీ బాస్ వచ్చారు. మర్యాదస్తుడు. నా పొట్ట వైపు గుళ్లో చూసినట్టు చూశారు. భోజనాల దగ్గర చివర్లో మజ్జిగ గ్లాసెత్తి ఒక గుక్క తాగి, “చేదుగా ఉందేంటండి?” అన్నారు.

మీ పెద్దమ్మ గరిట వదిలేసి పరుగున వచ్చింది. “అది మీది కాదండి. అందులో వారి మాత్ర ఉంది.”

పారేయమన్నవాటిని నాకు కన్ను కనబడాలని రోజూ కల్వంలో మెత్తగా నూరి మజ్జిగలో కలుపుతోందిట. నూరితే మందంతా ఒక్కసారే దిగుతుందని, నా వికారానికి కారణం అదేనని మీ బాస్ చెప్పారు. గ్లాసులోకి చూస్తూ ఇంకో మాటన్నారు: “ఆ మాత్ర విడిపోకుండా ఉండేలా చేయడానికి నాలుగేళ్లు పట్టిందండి మాకు.”

“నాకు నాలుగు దెబ్బలు చాలాయండి,” అంది మీ పెద్దమ్మ, గర్వంగా ఏమీ కాదు.

ఉంటాను. మీ బాస్ క్షేమంగా చేరారని రాయి.

తా.క.: డాక్టరు గారు కంటి ఆపరేషన్‌కు గురువారం రమ్మన్నారు. రాత్రి మాత్రను మాత్రలాగే మింగాను. మీ పెద్దమ్మ కల్వం కడిగి బోర్లించింది.